స్లాబు రోజు నీళ్ల బకెట్ ఎవరి చేతిలో ఉంటుంది?

తిరుపతి చుట్టుపక్కల 31 ఏళ్లు సైటు సూపర్‌వైజరుగా పనిచేశాను. ఇల్లు కట్టుకునే పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఈసారి మూడింటికి జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరం చదివాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అందుకే దానికి జవాబు పెద్దదైంది.

ప్రశ్న: అన్నా, మాది చంద్రగిరి. మా ఆయన కువైట్‌లో ఉన్నారు. కింద ఇల్లు 2016లో కట్టాం. ఇప్పుడు దానిమీద 900 చదరపు అడుగుల్లో ఇంకో అంతస్తు వేయాలనుకుంటున్నాం. సామాను మాది, లేబరు వాళ్లది. ముగ్గురు మేస్త్రీలు వచ్చి చూసిపోయారు. మొదటాయన రేటు ఎక్కువ, మాటలు తక్కువ. రెండో ఆయన చదరపు అడుక్కి 45 రూపాయలు తగ్గించి చేస్తానన్నారు, స్లాబుకు 65 బస్తాల సిమెంటు చాలన్నారు, ముందుగా లక్ష రూపాయలు అడ్వాన్సు అడుగుతున్నారు. మూడో ఆయన మా మరిదికి తెలిసిన మనిషి. ఆయనకే ఇవ్వాలని ఇంట్లో పట్టుబడుతున్నారు. కానీ ఆయన అన్నీ నోటిమాటే, కాగితం మీద ఏమీ పెట్టలేదు. నాకు కాంక్రీటు గురించి ఏమీ తెలియదు. ఎవరిని పెట్టుకోవాలి?
— ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ 65 బస్తాల లెక్క చూద్దాం. మీరు కాంక్రీటు చదవనక్కర్లేదు, గుణించడం వస్తే చాలు. 900 చదరపు అడుగులు, మందం 5 అంగుళాలు అనుకుందాం. అంటే 375 ఘనపు అడుగులు, మీటర్లలో చెప్తే 10.6 ఘనపు మీటర్లు. ఇంటి స్లాబుకు ఎం20 అనే కాంక్రీటు రకం కంటే తక్కువది వేయకూడదు. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర. ఈ పాళ్లకు ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాలు పడతాయి. మీ స్లాబుకే 85 బస్తాలు కావాలి. బీములు, సన్‌షేడ్లు, మెట్లు దీంట్లో కలపలేదు. 65తో ముగించాలంటే మందమన్నా 4 అంగుళాల కిందికి దించాలి, సిమెంటన్నా కొట్టేయాలి. ఆయన ఏది చేయబోతున్నారో మీకు చెప్పలేదు. చదరపు అడుక్కి తగ్గించిన 45 రూపాయలకు ఇదే కారణమని నేను అనడం లేదు గానీ, ఈ ఒక్క లెక్క చాలు, నేనైతే ఆయనను పిలవను. పని మొదలుకాక ముందే లక్ష అడగడం కూడా నాకు నచ్చలేదు.

మిగిలిన ఇద్దరి గురించి చెప్పేముందు నా ఇంటి సంగతి చెప్పాలి.

1997లో తిరుపతి బైరాగిపట్టెడలో ఇల్లు కట్టుకున్నాను. మేస్త్రీ తెలిసినవాడే, రేటు తగ్గించాడు, సంతోషంగా ఒప్పుకున్నాను. స్లాబు రోజు తెల్లవారుజామున టెంకాయ కొట్టి, పూజ ముగించి, నేను డ్యూటీ సైటుకు వెళ్లిపోయాను. మేస్త్రీకి అదే రోజు ఇంకోచోట స్లాబు ఉంది. మా ఇంటికి ముక్కూ మొహం తెలియని ముఠాను పంపి ఆయన అటు పోయాడు. మధ్యాహ్నం నేను తిరిగొచ్చేసరికి నీళ్ల పైపు నేరుగా కాంక్రీటు కలిపే మిల్లరులోనే పెట్టి ఉంది. కాంక్రీటు సాంబారులా జారిపోతోంది. అడిగితే, 'ఏం కాదులే సార్, బాగా పాకుతుంది' అన్నారు. ఆరో రోజు నేను ఊళ్లో లేనప్పుడు వచ్చి, ఇంకో సైటుకు కావాలని, స్లాబు గట్టిపడేదాకా కింద మోసే సెంట్రింగు రేకులు, కర్రలు ఊడదీసుకుపోయారు. మా హాలు అడ్డం 15 అడుగులు. ఆ నవంబరు వానలకు మా అమ్మ మంచం మూడు చోట్లకు జరిపాం. డాబా మీద వాననీళ్లు ఇప్పటికీ హాలు నడిమిట్లోనే నిలుస్తాయి. అమ్మ పోయి పదేళ్లయింది. వాన పడితే నాకు ఆ మంచమే గుర్తొస్తుంది.

అప్పటినుంచి ఏ మేస్త్రీనైనా నేను మొదట అడిగేది రేటు కాదు. స్లాబు రోజు పొద్దున్నుంచి చివరి తట్ట పడేదాకా మీరే ఉంటారా? నీళ్లు కొలిచి పోసే మనిషి ఎవరు? ఈ రెండూ అడుగుతాను. జవాబు చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడండి. పని తెలిసినవాడికి ఈ ప్రశ్న నచ్చుతుంది. తెలియనివాడు 'మా మీద నమ్మకం లేదా అమ్మా' అని నొచ్చుకుంటాడు.

నీళ్ల గురించి ఎందుకింత పట్టుదలంటే, సిమెంటు గట్టిపడటానికి కావాల్సిన నీళ్లు మనం అనుకునేదానికంటే తక్కువ. ఇళ్ల స్లాబులకు సాధారణంగా సిమెంటు బరువులో నీళ్లు 0.55 వంతు దాటకూడదని మన ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. 50 కిలోల బస్తాకు 27 లీటర్లు, ఇసుకలో తడితో కలిపి. కూలీలకు జారుడుగా ఉంటే మోయడం తేలిక, పరచడం తేలిక. వాళ్లది తప్పని నేననను, ఆ ఎండలో ఆ తట్టలు మోస్తే తెలుస్తుంది. కానీ ఎక్కువైన నీళ్లు తర్వాత ఆవిరై పోతాయి, పోయిన చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. బలం తగ్గేది, వాననీళ్లు దిగేది, లోపల కడ్డీ తుప్పు పట్టేది అక్కడినుంచే. గుర్తు గీసిన రెండు బకెట్లు, వాటి దగ్గర నమ్మకమైన ఒక మనిషి ఉంటే ఈ కష్టం సగం తప్పుతుంది.

ఇప్పుడు మొదటాయన దగ్గరికీ, మరిదిగారి మనిషి దగ్గరికీ వెళ్లండి. కట్టేసిన ఇళ్లు చూపిస్తామంటారు. రంగులు వేసిన ఇంట్లో కాంక్రీటు కనపడదు. 'మీ తర్వాతి స్లాబు ఎక్కడ, ఎప్పుడు' అని అడిగి ఆ రోజు అక్కడికి పోండి, ఒక గంట నిలబడండి. కడ్డీలను రేకుకు తగలకుండా ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు కింద పెట్టారా, లేక కంకర రాళ్లు తోసి సరిపెట్టారా? స్లాబులో కడ్డీ కింద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. రాయి జరిగిందంటే కడ్డీ రేకును తాకుతుంది, కొన్నేళ్లకు ఆ చోట పెచ్చు ఊడుతుంది. కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటరు ఒకటే ఉందా, చెడిపోతే ఇంకోటి ఉందా? మనుషులు నడిచేది పలకల మీదా, కట్టిన కడ్డీల మీదా? ఇవన్నీ మీరే చూడగలరు, ఇంజనీరు అక్కర్లేదు.

ఇంకో పని చేయండి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఏరుల్లా పారిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మేస్త్రీ అంతకుముందు వేసిన రెండు ఇళ్లు అడిగి తెలుసుకుని, ఆ ఇంటి ఆడవాళ్లతో మాట్లాడండి. ఆ వానకు కారిందా? సెంట్రింగు ఎన్నో రోజున తీశారు? డబ్బు దగ్గర చివర్లో పేచీ పెట్టారా? మగవాళ్లు 'బాగానే చేశాడు' అని ఒక్కమాటతో సరిపెడతారు. ఏ గదిలో ఏ మూల చెమ్మ ఉందో ఇల్లు ఊడ్చేవాళ్లకు తెలుస్తుంది.

ఆ తర్వాత ఒకే కాగితం రాసి ఇద్దరికీ ఇవ్వండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న మూడు రేట్లూ మూడు వేరే పనులకు చెప్పినవి కావచ్చు. సెంట్రింగు రేకులు, మిల్లరు, వైబ్రేటరు, డీజిలు, బైండింగ్ వైరు ఎవరివి? మెట్లు, సన్‌షేడు, పిట్టగోడ స్లాబు కొలతలోనే ఉన్నాయా, విడిగానా? చివర్లో తగాదాలన్నీ ఇక్కడే వస్తాయి, స్లాబు రోజు కూలీల భోజనం దగ్గర కూడా వస్తాయి. మందం 5 అంగుళాలు, కాంక్రీటు ఎం20, సెంట్రింగు ఉంచే రోజులు, అన్నీ అందులో ఉండాలి. 4.5 మీటర్ల లోపు అడ్డం ఉన్న స్లాబుకు కర్రలు కనీసం 7 రోజులు, దాటితే 14, 6 మీటర్ల లోపు బీములకు 14 రోజులు. ఇవి మామూలు సిమెంటుకు చెప్పిన రోజులు. మనం ఎక్కువగా వాడే పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) నిదానంగా బలపడుతుంది కాబట్టి నేనైతే ఇంకో వారం కలిపి రాస్తాను. రేకులు అద్దెవైతే ఆ అదనపు అద్దె మీరే ఇస్తామని చెప్పండి. మా హాలు కుంగడానికి ఆ అద్దె మిగుల్చుకోవాలన్న తొందరే కారణం.

డబ్బు పనిని బట్టి ఇవ్వండి. రేకులు దింపినప్పుడు కొంత, కడ్డీలు కట్టి ఇంజనీరు చూశాక కొంత, స్లాబు రోజు పెద్ద భాగం. చివరి భాగం మాత్రం సెంట్రింగు ఊడదీసి, కింది నుంచి మీ కళ్లతో చూశాకే. తేనెపట్టులా గుంటలు, బయటికి కనిపించే కడ్డీలు ఉంటే అప్పుడే తెలుస్తాయి, అప్పటికి మేస్త్రీకి మీ దగ్గర రావాల్సింది ఉండాలి.

మరిదిగారి మనసు నొప్పించక్కర్లేదు. 'మీ మనిషికే ఇద్దాం, ఈ కాగితం మీద సంతకం పెట్టించండి' అనండి. పెడితే మంచిదే, తెలిసిన మనిషి అందుబాటులో ఉంటాడు. పెట్టకపోతే విషయం మరిదిగారికే అర్థమవుతుంది. మాటలు తక్కువని మొదటాయనను మాత్రం తోసేయకండి. నేను చూసిన మంచి మేస్త్రీల్లో సగం మంది అట్లాంటివాళ్లే.

ఒక్కటి మరిచాను. 2016లో పైకి వదిలిన పిల్లర్ల కడ్డీలు ఇన్నేళ్లు ఎండకూ వానకూ ఉన్నాయి. ఎవరిని పెట్టుకున్నా, ముందు వాటినీ కింది పునాదినీ ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. ఈ ఖర్చు దగ్గర వెనకాడకండి.

ప్రశ్న: మాది రేణిగుంట. ప్లాంటులో కలిపి లారీలో పంపే రెడీమిక్స్ కాంక్రీటు తెప్పిస్తే మేస్త్రీతో పెద్దగా పని ఉండదని అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు

జవాబు: కలపడం ఒక్కటే ప్లాంటు చేస్తుంది. సెంట్రింగు, కడ్డీలు, వైబ్రేటరు, తడపడం అన్నీ మేస్త్రీవే. పైగా పంపుతో పోస్తే బరువు ఒక్కసారిగా పడుతుంది. ఒక లారీలో 6 ఘనపు మీటర్లు వచ్చిందనుకుంటే, ఆ కాంక్రీటు 14 టన్నుల పైమాటే. చేత్తో పోసే స్లాబుకు సరిపోయిన కర్రలు దీనికి చాలకపోవచ్చు. కాబట్టి మేస్త్రీని ఇంకా జాగ్రత్తగా ఎంచుకోవాలి.

లారీ రాగానే చలానా చూడండి. రకం ఎంత, ప్లాంటులో ఎన్నింటికి కలిపారు? కలిపిన 2 గంటల్లోపు దించేయాలి. దారిలో ఆలస్యమై గట్టిపడిందని డ్రైవరు డ్రమ్ములో నీళ్లు పోస్తే ఒప్పుకోకండి, ఎం20 అని మీరు కట్టిన డబ్బు ఆ నీళ్లలోనే పోతుంది. మీ ముందే 150 మిల్లీమీటర్ల క్యూబులు ఆరు పోయించి, తేదీ రాసి, నీళ్లలో ఉంచి, ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ ల్యాబులో మూడు 7 రోజులకు, మూడు 28 రోజులకు పగలగొట్టించండి. ఎం20 క్యూబు 28 రోజులకు సుమారు 45 టన్నుల బరువు తట్టుకోవాలి. 7 రోజులకు అందులో మూడింట రెండొంతులు వస్తే దారిలో ఉన్నట్టు.

ప్రశ్న: చిత్తూరులో మే నెలలో పొద్దున 10 గంటలకు మొదలుపెట్టి స్లాబు వేశాం. సాయంత్రానికే పైన సన్నని పగుళ్లు వచ్చాయి. మేస్త్రీ సిమెంటు పాలు (నీళ్లలో కలిపిన సిమెంటు) పోస్తే సరిపోతుందంటున్నాడు. పిట్టగోడ బెల్టు కాంక్రీటు ఇంకా మిగిలి ఉంది. భయపడాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఎండకూ వేడిగాలికీ పైపొర తొందరగా ఆరిపోయి వచ్చే పగుళ్లు ఇవి. లోతు తక్కువైతే ఇంటికి ముప్పు లేదు. సిమెంటు పాలు బ్రష్షుతో పగుళ్లలోకి దిగేలా రుద్దించి, వెంటనే మడులు కట్టి నీళ్లు నిలపండి. వేసవి కాబట్టి 14 రోజులు ఆ నీళ్లు ఎండిపోకూడదు. అయితే పగుళ్లు కడ్డీల వరుసలోనే తిన్నగా పోతున్నా, సెంట్రింగు తీశాక అదే చోట కింద కూడా కనిపించినా ఇంజనీరును పిలవండి. పిట్టగోడ బెల్టు కాంక్రీటు ఇంకా మిగిలి ఉందని రాశారు కదా, అది తెల్లవారి 5 గంటలకు మొదలుపెట్టించి, పోసిన చోట పోసినట్టే తడి గోనెసంచులు కప్పించండి.