తాగుడు మానిన వదిన ఎందుకు ఏడుస్తోంది?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. అన్నయ్య, వదిన ఇద్దరూ ఏళ్ల తరబడి తాగేవారు. చికిత్స తీసుకుని మానేసి తొమ్మిది నెలలైంది. ఇప్పుడు పండగ వచ్చినా, చావు కబురు వచ్చినా అన్నయ్యలో చలనం ఉండదు. వదిన మాత్రం టీవీలో ప్రమాదం వార్త చూసినా కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆమె మళ్లీ చాటుగా తాగుతోందని మా అమ్మ అనుమానం. మద్యం వల్ల ఆడవారి మెదడు ఒకలాగా, మగవారి మెదడు మరోలాగా మారుతుందా?
– ఒక సోదరి, విజయనగరం జిల్లా

సమాధానం: అమ్మా, కన్నీళ్లు తాగుడుకు సాక్ష్యం కావని మీ అమ్మగారికి ముందుగా చెప్పండి.

మెదడులో ఏ భాగానికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా చేరుతోందో ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కానింగ్ చూపుతుంది. దాన్నిబట్టి ఆ భాగం చురుకుదనాన్ని అంచనా వేస్తారు. అమెరికాలోని బోస్టన్‌లో మార్లీన్ ఆస్కార్-బెర్మన్ బృందం, చాలాకాలం తాగి మానేసిన స్త్రీ పురుషులకు సంతోషం కలిగించే చిత్రాలను, ఒళ్లు గగుర్పొడిచే చిత్రాలను చూపించి ఇలాగే పరీక్షించి, ఆ ఫలితాలను 2019లో ప్రచురించింది. తాగుడు అలవాటు లేని మగవారితో పోలిస్తే తాగి మానిన మగవారి మెదడు స్పందన తగ్గింది. ఆడవారిలో ఇందుకు విరుద్ధంగా, అలవాటు లేని ఆడవారి కంటే తాగి మానిన వారి స్పందన పెరిగింది. ఇదే బృందం 2017లో, సుఖానుభూతికి సంబంధించిన మెదడు భాగాల పరిమాణంలోనూ ఇటువంటి వ్యత్యాసాన్నే గుర్తించింది.

అయితే ఇవి సగటు ఫలితాలు. ఏ ఒక్కరి మనసునూ వీటితో తూచకూడదు. పైగా ఈ తేడా తాగుడు వల్ల వచ్చిందా, తాగుడుకు ముందే ఉందా అన్నది మానిన తర్వాత తీసిన స్కానింగ్ తేల్చలేదు.

మద్యం విషయంలో స్త్రీల శరీరానికి రక్షణ తక్కువ. వారి ఒంట్లో నీటి శాతం తక్కువ కావడం వల్ల, ఆల్కహాలును కడుపులోనే కొంత విరగ్గొట్టే ఎంజైము కూడా తక్కువగా పనిచేయడం వల్ల, అంతే తాగినా రక్తంలో మద్యం మోతాదు పురుషుల కంటే ఎక్కువకు చేరుతుంది. మొదటి గుక్క నుంచి వ్యసనం దాకా పట్టే కాలం కూడా వారిలో తరచు తక్కువే. 2019 నాటి ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం మద్యం తాగే పురుషులు 27.3 శాతం, స్త్రీలు 1.6 శాతం. ఆ కొద్దిమంది ఊరి నోటికి భయపడి చికిత్సకు రాకుండా దాక్కోవడం నన్ను ఎంతో బాధిస్తుంది. మీ వదిన బయటపడి, చికిత్స తీసుకుని, తొమ్మిది నెలలు నిలబడ్డారు. ఆమెను అనుమానించడం అన్యాయం.

ఇంత చెప్పినా ఆ ఏడుపును మెదడు తీరు అని వదిలేయకండి. దిగులు జబ్బు కావచ్చు. అన్నయ్య మౌనాన్ని కూడా నెమ్మదితనంగా భావించవద్దు, దాని వెనుకా అదే జబ్బు ఉండవచ్చు. విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యులకు గానీ, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గానీ ఇద్దరినీ విడివిడిగా చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఒకవేళ ఎవరైనా మళ్లీ రోజూ తాగడం మొదలుపెడితే, గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం చేయకండి. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు.

ఆసుపత్రికి వెళ్లే రోజున మీ అమ్మగారినీ వెంట తీసుకెళ్లండి. ఆమె అనుమానాన్ని డాక్టరు ముందే అడగనివ్వండి.