ముందు పూతల వరుస చూడు

అమ్మాయీ,

పేరున్న చిత్రకారుల నీటిరంగు ముఖచిత్రానికి నకలు వేయమంటే అందరూ ముందు రంగులు కలుపుతారు. నువ్వు ఒక అరగంట కుంచె ముట్టుకోకు. ఆ ముఖంలో ఏ పూత ముందు పడిందో, ఏది ఆరాక పడిందో చూడు. అంచు పదునుగా ఉంటే కింది పూత ఆరాక వేసినట్టు. మెత్తగా కరిగిపోతే తడి మీద వేసినట్టు. ఆ వరుస 1, 2, 3 అని రాసి పెట్టుకో. నకలులో నేర్చుకోవాల్సింది అదే.

స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) నూనెరంగుల్లోకి మారకముందు నీటిరంగుల్లోనే పేరు తెచ్చుకున్నాడు. ఆయన బొమ్మలతో మొదలుపెట్టు.

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) నూలుది కొను. పల్చటిది తడికి ఉబ్బి, గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. ముఖం 15 సెంటీమీటర్లకు తగ్గితే కంటి దగ్గర కుంచె తిరగదు. కొలతల కోసం గళ్లు వేసి బొమ్మని వేరే కాగితం మీద గీసుకుని, గీత కుదిరాకే ఈ నూలు కాగితం మీదకి ఎక్కించు. రబ్బరు ఎక్కువ రుద్దితే పైపొర లేచి పూత మచ్చలు మచ్చలుగా పీల్చుకుంటుంది.

మొదటి నకలు బర్ంట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) ఒక్కదానితో, 5 ఛాయల్లో వెయ్యి. ఆరితే రంగు తేలిపోతుంది కాబట్టి తడిలో కాస్త ముదురుగానే ఉండాలి.

రెండోదానికి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), కాడ్మియం రెడ్, కోబాల్ట్ బ్లూ చాలు. ఓకర్‌లో చిటికెడు ఎరుపు, బాగా నీళ్లు కలిపి, నుదుటి నుంచి మెడ దాకా ఆగకుండా దించెయ్. ముక్కు కొన మీద మెరుపుకి కాగితం వదులు. తడి ఉండగానే బుగ్గలకీ చెవులకీ ఎరుపు తాకించు. పూర్తిగా ఆరనివ్వు, చేతి వెనకవైపు ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

ఇక నీడ. చాలామంది చెడగొట్టేది ఇక్కడే: కంటికో ముక్క, ముక్కుకో ముక్క, గడ్డానికో ముక్క వేసి ముఖాన్ని అతుకులబొంత చేస్తారు. కంటిగుంట, ముక్కు పక్క, బుగ్గ వార, మెడ ఒకదానిలోకి ఒకటి పారుతూ ఒకే ఆకారంగా రావాలి. కంటి తెల్లగుడ్డు తెల్లగా వదిలేయకు, పైరెప్ప నీడ దాని మీద పడుతుంది.

సగం ఆరిన పూతలో నీళ్లెక్కువైన కుంచె పెడితే ఆ నీరు రంగును బయటికి నెట్టి, కాలీఫ్లవర్ లాంటి మచ్చ కడుతుంది. అప్పుడు దాన్ని సర్దబోకు. ఆరాక తడికుంచెతో తియ్యి. కోబాల్ట్ తేలిగ్గా వస్తుంది, కాగితానికి అంటుకుపోయే థాలో నీలమైతే రాదు.

వెనక అసలు చిత్రకారుడి పేరు, ‘నకలు’ అన్న మాట రాయడం మరవకు. వారం పోయాక అసలు బొమ్మ చూడకుండా మూడోసారి వెయ్యి. చెయ్యి ఆగిపోయిన చోట మాత్రం తెరిచి చూసుకో.

ఉంటాను,
పెద్దమ్మ