హీటర్ పెడితే ఏసీ కూడా ఎందుకు ఆన్ అవుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. రాజాంలో ఈ మధ్యే సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. ఇంటిల్లిపాదీ ఎస్.కోట మీదుగా అరకు బయల్దేరితే ఘాట్‌లో ముందు అద్దం మసకబారింది. అద్దం బొమ్మ ఉన్న బటన్ నొక్కి, నాబ్ ఎర్ర గీత వైపు తిప్పారు. వేడి గాలి వచ్చింది గానీ, ఏసీ లైటు కూడా దానంతట అదే వెలిగింది. ఎంత నొక్కినా ఆరలేదు. తిరిగొచ్చాక ఒక మెకానిక్ ఏసీ బటన్లుండే ప్యానెల్ లోపల షార్ట్ అయిందని, మొత్తం మార్చాలని చెప్పాడు. మార్చాలా వద్దా అన్నది మీ టెన్షన్.

మార్చకండి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే కారు సరిగ్గానే పని చేస్తోంది. శ్రీకాకుళంలో చాలా ఏళ్లుగా కార్ల ఏసీ పనే చేస్తున్నాను. చలికాలం వచ్చిందంటే ఇదే అనుమానంతో ఎవరో ఒకరు షెడ్డుకి వస్తారు. “ఏటి బాబూ, వేడి గాలి పెడితే ఏసీ ఎందుకు తిరుగుతోంది?” అని. బాగున్న ప్యానెల్‌ని విప్పించి, వేలకు వేలు పోసి కొత్తది వేయించుకున్న వాళ్లనీ చూశాను. కొత్త ప్యానెల్‌లోనూ ఆ లైటు అలాగే వెలుగుతుంది. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏసీ అంటే చల్లదనం అనుకోవడమే మనందరి అలవాటు. కానీ అది ఇంకో పని కూడా చేస్తుంది: గాలిలోని తేమను లాగేస్తుంది. డ్యాష్‌బోర్డ్ వెనక, కో-డ్రైవర్ సీటు వైపు కూలింగ్ కాయిల్ ఉంటుంది. చూడ్డానికి చిన్న రేడియేటర్‌లా ఉంటుంది, సన్నటి అల్యూమినియం రేకులతో. దాని లోపలికి ద్రవంగా వచ్చిన ఏసీ గ్యాస్ మరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, రేకులు చల్లబడతాయి. బ్లోయర్ తోసిన గాలి ఆ రేకుల మధ్య నుంచి పోతున్నప్పుడు, చల్లటి నీళ్ల చెంబు బయట పట్టినట్టే, వాటి మీద చెమ్మ పట్టి బొట్లుగా జారుతుంది. ఆ నీళ్లు సన్నటి గొట్టంలోంచి కారు కిందకి పోతాయి. ఎండాకాలంలో మన ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆగిన కార్ల కింద కారే నీళ్లు అవే. రేడియేటర్ లీకనుకుని కంగారుపడే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక హీటర్. కారులో వేడి కోసం ప్రత్యేకంగా ఏదీ మండించరు. ఇంజిన్‌ని చల్లబరుస్తూ దాని చుట్టూ తిరిగి వేడెక్కిన ద్రవం, అంటే కూలెంట్, సుమారు 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్నే కొంత హీటర్ కోర్ అనే ఇంకో చిన్న రేడియేటర్‌లోకి పంపుతారు. ఇక్కడ అసలు కీలకం వరుసలో ఉంది. బ్లోయర్ గాలి ముందు కూలింగ్ కాయిల్ గుండా పోతుంది, ఆ తర్వాతే హీటర్ కోర్ మీదికి వస్తుంది. మధ్యలో ఒక ఫ్లాప్ ఉంటుంది. మీరు తిప్పే నాబ్ ఆ ఫ్లాప్‌ని కదుపుతుంది, ఎంత గాలి హీటర్ మీదుగా పోవాలో అది తేలుస్తుంది. అంటే ఏసీ, హీటర్ ఒకదానికొకటి అడ్డం కాదు. మొదటిది నీటిని తీసేస్తుంది, రెండోది ఆ పొడి గాలిని వేడి చేస్తుంది. కారు తయారు చేసినవాళ్లు కావాలనే అలా పెట్టారు. అద్దం బటన్ నొక్కగానే ఏసీ గ్యాస్‌ని తిప్పే కంప్రెసర్ దానంతట అది ఆన్ అయ్యేలా, చాలా కార్లలో ఆ మోడ్‌లో ఉన్నంతసేపూ ఆపడానికి కుదరకుండా ఏర్పాటు చేశారు.

లెక్క చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 10 డిగ్రీల దగ్గర 9 గ్రాముల పైచిలుకు మాత్రమే. తేమతో నిండిన గాలిని కాయిల్ దగ్గర 10 డిగ్రీలకు దించితే మిగతా నీరంతా బొట్లయి పోతుంది. అదే గాలిని మళ్లీ 30కి వేడి చేస్తే, అది మోయగలిగే దానిలో మూడో వంతు తేమే అందులో ఉంటుంది. ఆ గాలి అద్దానికి తగిలినప్పుడు అద్దం మీది చెమ్మ పొరని తాగేస్తుంది. గాలి వేడిగా ఉండటం వల్ల అద్దమూ కాస్త వెచ్చబడి, మళ్లీ చెమ్మ పట్టదు.

ఒట్టి హీటర్‌తో అద్దం క్లియర్ కాదా అని మీరు అడగొచ్చు. గడ్డకట్టే చలి ఉన్న దేశాల్లో చాలావరకు అవుతుంది, ఎందుకంటే అక్కడ బయటి గాలిలో నీరే తక్కువ. డిసెంబర్ తెల్లవారుజామున అరకు దారిలోని గాలికొండ దగ్గర కూడా కొంతసేపటికి అవుతుంది. కానీ మన దగ్గర అద్దం మసకబారేది చలికాలం కన్నా వానల్లో ఎక్కువ. అక్టోబర్ వానలో బయట 25 డిగ్రీలుంటే, గాలి ఘనపు మీటరుకి 23 గ్రాముల నీటితో నిండి ఉంటుంది. సిరిమానోత్సవం చూసి విజయనగరం నుంచి వానలో తడిసి వచ్చే కుటుంబాన్ని తలుచుకోండి. అయిదుగురు మనుషులు, తడి బట్టలు, కాళ్ల కింద గొడుగులు, తలుపులన్నీ బిగించి. ఊపిరిలోంచీ బట్టల్లోంచీ ఆవిరి లేస్తూనే ఉంటుంది. అప్పుడు ఏసీ లేకుండా హీటర్ ఒక్కటే పెడితే లోపల ఉడికిపోతారు గానీ అద్దం సరిగ్గా తేరుకోదు. తేమను బయటికి పంపే దారి ఉండాలి, ఆ దారి కూలింగ్ కాయిల్. నన్నడిగితే మన కోస్తాలో ఏసీయే ప్రధానం, హీటర్ దానికి సాయం.

2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటడానికి ముందు రోజు సాయంత్రం మేం నలుగురం టెక్కలి నుంచి హైవే మీద శ్రీకాకుళం వస్తున్నాం. బండి మా బావ నడుపుతున్నాడు. అందరి బట్టలూ తడిసి ఉన్నాయి, ఏసీ గాలికి వెనక కూర్చున్న పిల్లాడు వణుకుతున్నాడని బావ ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం ఉంచాడు. కాసేపటికే అద్దం కింది అంచు నుంచి తెల్లటి పొర పైకి పాకింది, ఎదురుగా వచ్చే లారీ లైట్లు పెద్ద పసుపు మరకల్లా కనిపించాయి. అలా ఎందుకయిందంటే, కాయిల్ రేకుల మధ్య అప్పటిదాకా పట్టిన నీళ్లు ఇంకా ఉంటాయి. కంప్రెసర్ ఆగగానే కాయిల్ వెచ్చబడి, ఆ నీళ్లన్నీ మళ్లీ ఆవిరై బ్లోయర్ గాలితో నేరుగా అద్దానికి వచ్చి కొడతాయి. అందుకే వానలో ఏసీ ఆపితే, అసలు పెట్టకుండా ఉన్నప్పటికంటే గబుక్కున మసకబారుతుంది. ఏసీ మళ్లీ వేసి, నాబ్ సగానికి పైగా వేడి వైపు తిప్పాను. పిల్లాడికి వెచ్చగా అనిపించింది, అద్దం ఫిల్మ్ ఒలిచినట్టు కింది నుంచి తేటపడింది. మీ ప్రశ్నకి జవాబు ఆ రోజు మా కారులో జరిగిందే. ఏసీ ఒక్కటే పెడితే మనిషి వణుకుతాడు, హీటర్ ఒక్కటే పెడితే తేమ పోదు. రెండూ కలిస్తేనే బండి నడిపేవాడికి దారి కనిపిస్తుంది.

మన తీరంలో ఇంకో చిక్కుంది. అద్దం బయటి వైపు చెమ్మ పట్టడం. కళింగపట్నం వైపు రాత్రిపూట, వాన ఆగి గాలి ఉక్కగా ఉన్నప్పుడు ఏసీ ఫుల్ చల్లగా అద్దం మీదికి కొడితే అద్దం చల్లబడి బయటి గాలిలోని తేమ దాని మీద పడుతుంది. లోపల ఎంత తుడిచినా లాభం ఉండదు. వేలితో లోపల ఒక గీత గీస్తే చెమ్మ ఏ వైపుందో తెలిసిపోతుంది. బయట ఉంటే వైపర్ ఒకసారి తిప్పండి, గాలిని అద్దం మీంచి మళ్లించండి, లేదా కొంచెం వేడి కలపండి. ఏసీ ఆపేయాల్సిన పని లేదు.

ఘాట్‌లో మాత్రం బొడ్డవర దాటి ఎక్కడం మొదలుపెట్టగానే, అద్దం మసకబారక ముందే ఆ బటన్ నొక్కేయండి. బ్లోయర్ పెంచండి. లోపలి గాలినే తిప్పే బటన్ ఆన్‌లో ఉంటే ఆపి, బయటి గాలి రానివ్వండి. చాలా కార్లు అద్దం మోడ్‌లో దాన్ని కూడా వాటంతట అవే మార్చుకుంటాయి. చేత్తో తుడవకండి. చేతి జిడ్డు అద్దానికి అంటి, ఎదుటి లైట్లు పడ్డప్పుడు మరింత మసకగా కనిపిస్తుంది. మలుపులో అవతలి నుంచి ఆర్టీసీ బస్సు వస్తోందో లేదో కనిపించని చోట అర నిమిషం కూడా ఎక్కువే. అందుకే ఆ లైటు ఆర్పే ప్రయత్నం చేయొద్దని ఇంతగా చెబుతున్నాను. వెనక అద్దానికి ఈ వ్యవస్థతో సంబంధం లేదు, దాని మీది సన్నటి తీగలు కరెంటుతో వేడెక్కుతాయి.

మైలేజీ సంగతికొస్తే, హీటర్ వేడి ఇంజిన్ ఎలాగూ బయటికి వదిలేసేదే, దానికి విడిగా పెట్రోలు, డీజిలు ఖర్చు లేదు. కంప్రెసర్ కొంత శక్తి తీసుకునే మాట నిజమే. అయితే చల్లటి వాతావరణంలో దాని మీద భారం తక్కువ. కాయిల్ మీద మంచు గడ్డ కట్టకుండా సెన్సర్ మధ్యమధ్యలో కంప్రెసర్‌ని ఆపుతూ ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఏసీకి అయ్యేంత ఖర్చు అవదు. పైగా చలికాలమంతా ఏసీ ముట్టుకోకపోతే కంప్రెసర్ సీళ్లు ఎండిపోతాయి. గ్యాస్‌తో పాటు తిరిగే ఆయిలే వాటిని తడిగా ఉంచుతుంది. మార్చిలో ఏసీ వేసి గ్యాస్ పోయిందని వచ్చే బళ్లలో కొన్నింటి కథ ఇదే. ఎలక్ట్రిక్ కార్లలో ఇంజిన్ వేడి ఉండదు కాబట్టి అక్కడ హీటర్ బ్యాటరీని తింటుంది, ఆ లెక్క వేరు.

మీది సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి ఒకటి తప్పకుండా చూపించండి. మన జిల్లాల్లో హీటర్ కోర్ లీకైతే “మనకి హీటరెందుకు, పైపులు కలిపేయ్” అని బైపాస్ చేయించేవాళ్లు చాలామంది. కూలెంట్ బదులు మామూలు నీళ్లు పోసి తిప్పిన బళ్లలో ఆ కోర్ తుప్పుతో పూడుకుపోతుంది కూడా. మీకు వేడి గాలి వచ్చిందన్నారు కాబట్టి బైపాస్ చేసినట్టు లేదు. కానీ హీటర్ వేసినప్పుడు తియ్యటి వాసన వచ్చి, అద్దం లోపల తుడిచినా పోని జిడ్డు పొర పడుతుంటే, కూలెంట్ మట్టం తగ్గుతుంటే, అది కోర్ లీకు. దాన్ని వాయిదా వేయకండి, కూలెంట్ అయిపోతే ఇంజిన్‌కే దెబ్బ. కో-డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ తడిగా ఉండి, వాసన లేని మామూలు నీళ్లే అయితే డ్రెయిన్ గొట్టం మూసుకుపోయిందన్నమాట. గాలి కొట్టి శుభ్రం చేయిస్తే సరిపోతుంది, చిన్న పని.

ప్యానెల్ మీద ఇంకా అనుమానం ఉంటే ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆటో మోడ్ ఉంటే తీసేసి, గాలిని అద్దం మీంచి మొహం వైపు మార్చండి. నాబ్ వేడి వైపే ఉంచి ఏసీ బటన్ నొక్కండి. కొన్ని కార్లలో అద్దం మోడ్ నుంచి మార్చాక కూడా ఏసీ ఆన్‌లోనే ఉండిపోతుంది, ఒకసారి నొక్కితే లైటు ఆరుతుంది. క్లచ్ ఉన్న కంప్రెసర్ అయితే బానెట్ తీసి వింటే టక్‌మని ఆగిన చప్పుడు కూడా వినిపిస్తుంది. అలా ఆగిందంటే మీ ప్యానెల్ బాగున్నట్టే. మొహం వైపు పెట్టినా, బటన్ ఎన్నిసార్లు నొక్కినా లైటు ఆరకపోతే అప్పుడు వైరింగ్ చూడాలి. అప్పుడైనా ముందు స్విచ్, రిలే చెక్ చేయించండి, ప్యానెల్ సంగతి ఆ తర్వాత.