తొలి సినిమా మీద తొలి సమీక్ష రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

జనవరిలో జర్మనీలోని సార్‌బ్రూకెన్ వెళ్లి మాక్స్ ఓఫుల్స్ చిత్రోత్సవం గురించి తెలుగులో రాస్తానన్నావు. చాలా సంతోషం. కాన్, బెర్లిన్ ఉత్సవాల గురించి మనకు ఎంతో కొంత చదవడానికి దొరుకుతుంది. జర్మన్ మాట్లాడే దేశాల కొత్త దర్శకుల కోసం 1980 నుంచి నడుస్తున్న ఈ ఉత్సవం ఊసు మాత్రం తెలుగులో అరుదు.

అక్కడ కథాచిత్రాల పోటీకి వచ్చేవి దర్శకుల మొదటి, రెండో, మహా అయితే మూడో సినిమాలు. వాటిలో చాలా వాటికి అదే మొట్టమొదటి ప్రదర్శన. నువ్వు రాయడానికి కూర్చునే సరికి ఆ సినిమా మీద ఇంకెవరూ ఒక్క వాక్యం కూడా రాసి ఉండకపోవచ్చు. నీ పాఠకుడికి దర్శకుడి పేరు తెలియదు, సినిమా చూసే దారీ లేదు. అందుకే తీర్పు కంటే ముందు తెరమీద ఏముందో చెప్పాలి. 'నెమ్మదిగా సాగింది' అని రాస్తే ఎవరికీ ఏమీ అందదు. ఎందుకు నెమ్మదనిపించిందో చూడు. వంటింట్లో తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటున్నారనుకో: ఆ సన్నివేశం కట్ లేకుండా నాలుగు నిమిషాలు నడిచిందా? కెమెరా గుమ్మం దాటి లోపలికి వెళ్లలేదా? కూతురు అరుస్తున్నంతసేపూ మనకు తల్లి వీపే కనబడిందా? అది రాయి. బాగుందో లేదో పాఠకుడు సగం తనే తేల్చుకుంటాడు.

వెళ్లే ముందు కార్యక్రమ పట్టిక శ్రద్ధగా చదువు. సినిమా పేరు పక్కన 'ఓఎంఇయు' (OmeU) గుర్తు ఉంటే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నట్టు. ఉత్త 'ఓఎంయు' (OmU) అంటే సబ్‌టైటిల్స్ ఉంటాయి కానీ జర్మన్‌లో. నీ జర్మన్ ఎంత బాగున్నా స్విట్జర్లాండ్ మాండలికం ముందు నిలవదు. జర్మన్‌లకే ఆ సినిమాలకు సబ్‌టైటిల్స్ కావాలి. ప్రెస్ అక్రెడిటేషన్‌కు (విలేకరిగా గుర్తింపు కార్డుకు) అచ్చయిన రచనలు చూపించమంటారు. దొరక్కపోతే దిగులు పడకు, టికెట్ కొనుక్కో. ఒక్కో సినిమాను వారంలో వేర్వేరు హాళ్లలో మళ్లీ మళ్లీ వేస్తారు. కామెరా త్స్వో, ఫిల్మ్‌హౌస్, కినో అఖ్ట్‌ఐన్‌హాల్బ్, సినీస్టార్ అన్నీ ఊళ్లోనే ఉన్నాయి.

రోజుకు మూడు సినిమాలు చాలు. నాలుగోది చూస్తే మొదటిదాని ముగింపు రెండోదానికి అంటుకుంటుంది. సినిమాకూ సినిమాకూ మధ్య కనీసం ముప్పావుగంట వదులు. ప్రదర్శన అయ్యాక దర్శకుడు, నటులు ముందుకొచ్చి మాట్లాడతారు, అది ఎప్పుడూ అనుకున్న సమయానికి ముగియదు. పైగా బయటికి రాగానే పది నిమిషాలు ఒక మూల కూర్చుని, చీకట్లో గిలికిన రాతల్ని వాక్యాలుగా మార్చుకోవాలి. రాత్రికి నీ రాత నీకే అర్థం కాదు. హాల్లో ఫోన్ తీయొద్దు. చిన్న నోట్‌బుక్‌లో పేజీకి ఒక్క సన్నివేశం చొప్పున పెద్ద అక్షరాలతో రాసుకో.

ఇక మొదట్లో వచ్చే లోగోలు. వాటిని చూడకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ, కానీ సినిమా ఎలా పుట్టిందో సగం అక్కడే తెలుస్తుంది. లుడ్విగ్స్‌బుర్గ్, మ్యూనిక్, బాబెల్స్‌బెర్గ్, వియన్నా, జూరిక్ ఫిల్మ్ స్కూళ్లలో ఏదైనా కనబడితే అది చదువు ముగింపులో తీసిన సినిమా కావచ్చు. 1963 నుంచి కొత్తవాళ్లకు దన్నుగా ఉన్న జర్మన్ టీవీ సంస్థ జెడ్‌డీఎఫ్ విభాగం 'దాస్ క్లైనే ఫెర్న్‌జే‌ష్పీల్' పేరు తరచూ కనిపిస్తుంది. తర్వాత ప్రాంతీయ నిధుల పేర్లు వస్తాయి. బవేరియా నిధి, నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా నిధి, బెర్లిన్-బ్రాండెన్‌బుర్గ్ నిధి ఇలా. తామిచ్చిన సొమ్ము తమ ప్రాంతంలోనే ఖర్చు కావాలన్నది వీటి మామూలు షరతు. ఒక రాష్ట్రంలో జరిగే కథను ఇంకో రాష్ట్రంలో ఎందుకు తీశారా అనిపిస్తే జవాబు చాలాసార్లు ఇక్కడ దొరుకుతుంది. అది తెలియకుండా 'ఊరి వాతావరణం కుదరలేదు' అని రాస్తే తప్పు దర్శకుడి మీద పడుతుంది.

సుమారు అరగంటకూ గంటకూ మధ్య ఉండే సినిమాలకు అక్కడ విడిగా పోటీ ఉంది. వాటిని తప్పకుండా చూడు. ఆ నిడివికి థియేటర్‌లోనూ చోటు లేదు, టీవీలోనూ లేదు. లఘుచిత్రాల ఉత్సవాలు కూడా పొడుగని పక్కన పెడతాయి. లెక్కలు వేసుకోకుండా కథకు కావలసినంత నిడివి తీసుకున్న ధైర్యం నాకైతే అక్కడే ఎక్కువ కనిపిస్తుంది.

కొత్తవాళ్లు చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. అయిదు సినిమాలు చూసి 'నేటి జర్మన్ సినిమా' అని తీర్పు చెప్పడం మొదటిది. అక్కడికి ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, లక్సెంబర్గ్ నుంచీ వస్తాయి. కొన్నింట్లో మాటలు టర్కిష్‌లోనో అరబిక్‌లోనో ఉంటాయి. సినిమావాళ్లు విలేకరులకిచ్చే ప్రెస్ కిట్‌లోని కథాసారాంశాన్ని తెలుగు చేసి సమీక్ష అనుకోవడం ఇంకొకటి. ఆ సారాంశం చాలాసార్లు ఎడిటింగ్ పూర్తికాక ముందు రాసింది, తెరమీది కథ వేరుగా ఉంటుంది. ఉత్సవానికి దర్శకుడు ఓఫుల్స్ పేరు పెట్టారు కదా అని ప్రతి కొత్త దర్శకుడిలో ఆయన కెమెరా కదలికల్ని వెతకొద్దు. 1902లో సార్‌బ్రూకెన్‌లోనే పుట్టి, యూదుడైనందుకు 1933లో జర్మనీ వదిలి వెళ్లాల్సొచ్చిన మనిషి ఆయన. ఆ సంగతి ఒక్క పేరాలో, ఒకే వ్యాసంలో చెప్తే చాలు.

దర్శకుణ్ణి ప్రశ్న అడిగే అవకాశం వస్తే 'ఈ కథ ఎలా తట్టింది' అనొద్దు, అందరూ అదే అడుగుతారు. ఎన్ని రోజులు తీశారు, ఎడిటింగ్‌లో ఏ సన్నివేశం తీసేశారు అని అడుగు. స్క్రిప్ట్ వేరేవాళ్లు రాస్తే ఆ పేరు కూడా వ్యాసంలో ఉండి తీరాలి. రచనకు అక్కడ ఫ్రిట్జ్ రాఫ్ పేరిట విడిగా బహుమతే ఉంది. దర్శకుడి పేరు ఎలా పలకాలో ఆ మనిషినే అడిగి తెలుసుకుని అక్కడికక్కడే తెలుగు అక్షరాల్లో రాసుకో. మొదటి ప్రదర్శన కాకముందు సమీక్ష బయటపెట్టకు.

శనివారం సాయంత్రం బహుమతులు ప్రకటిస్తారు. ఇటీవలి ఏళ్లలో పెద్ద బహుమతి 36,000 యూరోలు. నీ సమీక్షల్ని అంతకుముందే పంపెయ్యి, లేకపోతే ఫలితం చూశాక మాట మార్చాలనిపిస్తుంది. నువ్వు చూడనిదానికి బహుమతి వస్తే కంగారు పడకు. ఆదివారం గెలిచిన సినిమాలు మళ్లీ వేస్తారు, తిరుగు రైలు సాయంత్రానికి పెట్టుకో.

శుభాకాంక్షలతో