తరుగు రాసిన చేతితోనే కానుక

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా చెన్నై కోయంబేడు మార్కెట్లో ఒక టమాట కమీషన్ మండీలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. రాత్రి లారీలు వచ్చినప్పటి నుంచి తెల్లవారి అమ్మకాలు ముగిసేదాకా తూకం చూడడం, బిల్లులు రాయడం నా పని. ఆదివారం ఇంటికి వెళ్లి స్నానం చేసి మా తెలుగు సంఘానికి చేరుకునేసరికి పాటలన్నీ అయిపోయి ఉంటాయి. "ఆరాధన పోగొట్టుకుని వాక్యానికి వస్తే ఏం లాభం?" అని ఒక సంఘపెద్ద అందరి ముందూ అన్నారు. మా పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి "నీ పనే నీ ఆరాధన, బాధపడకు" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఊరట కలగకపోగా భయం పట్టుకుంది. మా యజమాని పెట్టెకు ఒకటి రెండు కిలోలు తరుగు కింద తీసేసి, మిగిలిన తూకమే బిల్లులో రాయమంటారు. ఆ రైతుల్లో మా ఊరివాళ్లు కూడా ఉన్నారు. అయ్యగారూ, ఈ పని ఆరాధన ఎలా అవుతుంది?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, చెన్నై

జవాబు: సోదరా, ముందు సంఘపెద్దగారి మాట తేల్చేద్దాం, అది చిన్న సంగతి. ఈ మధ్య మన సంఘాల్లో ప్రసంగానికి ముందు పాడే పాటలకే ఆరాధన అనే పేరు స్థిరపడిపోయింది. గిటారు, కీబోర్డు పక్కన పెట్టగానే ఆరాధన ముగిసిందనుకుంటున్నాం. పాత తరంవారు ఆదివారపు ఆరాధన అన్నప్పుడు పాట, ప్రార్థన, వాక్యపఠనం, ప్రసంగం, కానుక, ప్రభువు భోజనం, చివరి దీవెన అన్నీ అందులోనే ఉండేవి. కాబట్టి రాత్రంతా నిలబడి పనిచేసి వాక్యం వేళకు చేరుకున్న మీరు ఆరాధనకే వచ్చారు. పెద్దగారు ఆ మాట అనే బదులు మీకు ఒక కుర్చీ చూపించి ఉంటే ఎంతో బాగుండేది.

పాస్టరుగారి మాట సగం నిజం. మిగతా సగం మీ భయంలో ఉంది. ఆదికాండము 2:15లో దేవుడు నరుణ్ణి ఏదెను తోటను సేద్యపరచడానికీ కాయడానికీ అక్కడ ఉంచాడని చదువుతాం. అక్కడ సేద్యానికి వాడిన హీబ్రూ క్రియ 'ఆబద్'. నిర్గమకాండము 3:12లో, ఐగుప్తులో నుంచి బయటికి వచ్చాక ఈ పర్వతం మీద మీరు దేవుణ్ణి సేవిస్తారని మోషేతో చెప్పినప్పుడు కూడా అదే క్రియ ఉంది. ఇశ్రాయేలీయుల ఆరాధనస్థలమైన ప్రత్యక్షపు గుడారంలో లేవీయులు చేసిన సేవకూ అదే మాట. మన తెలుగు బైబిలు ఒకచోట సేద్యమనీ మరొకచోట సేవ అనీ రాసింది గనుక, మడిచెక్కకూ బలిపీఠానికీ మధ్యనున్న ఈ చుట్టరికం మన కంటికి ఆనదు. రోమా పత్రిక 12:1లో పౌలు మన శరీరాలను సజీవయాగంగా సమర్పించుకోమని బతిమాలి, "ఇట్టి సేవ మీకు యుక్తమైనది" అంటాడు. అక్కడి 'లాత్రెయా' అనే గ్రీకు మాట, యూదుల గ్రీకు బైబిల్లో దేవునికి చేసే ఆచారబద్ధమైన సేవను చెప్పే మాటే. మనసును మాత్రమే అడిగి ఊరుకోకుండా పౌలు శరీరాన్ని అడిగాడన్నది గమనించండి. మీ విషయంలో ఆ శరీరమంటే త్రాసును చూసే కన్ను, బిల్లు రాసే చెయ్యి.

అయితే యాగమన్న మాటలోనే ఒక షరతు ఉంది. కుంటిదాన్నీ గుడ్డిదాన్నీ బలికి తెచ్చినవారిని మలాకీ ప్రవక్త (1:8) "వీటిని మీ అధికారికి ఇచ్చి చూడండి, పుచ్చుకుంటాడేమో" అన్న అర్థంలో నిలదీశాడు. చేసే పని ఏదైనా సరే, చేసినంత మాత్రాన ఆరాధన అయిపోదు. దేవుని ముందు పెట్టదగిందిగా ఉన్నప్పుడే అవుతుంది. విశ్రాంతిదినం ఎప్పుడు గడుస్తుందా, ఎప్పుడు ధాన్యం అమ్ముకుందామా, తూము చిన్నది చేసి, త్రాసును మోసపు త్రాసు చేసి లాభం తీద్దామా అని ఎదురుచూసేవారిని ఆమోసు (8:5) వర్ణించాడు. వాళ్లు విశ్రాంతిదినాన్ని మానలేదు, పండుగలు మానలేదు. పాటలూ బాగానే పాడారు, ఆ పాటల ధ్వని తన దగ్గర నుంచి తొలగించమని దేవుడే అన్నాడు (5:23). "దొంగత్రాసు యెహోవాకు హేయము" అన్న సామెతల (11:1) మాటను మన ఇళ్లలో పిల్లల చేత కంఠస్థం చేయిస్తాం. హేయమన్నది బైబిలు విగ్రహపూజ గురించి వాడే మాట. అదే మాటను కిలోరాయికి కూడా వాడిందన్న సంగతి మాత్రం పిల్లలకు చెప్పం.

మీకు దగ్గరగా ఉండే పాత సంగతి ఒకటి చెబుతాను. సుమారు 112లో, నేటి టర్కీ ఉత్తర భాగంలో ఉన్న బితూనియ ప్రాంతాన్ని ఏలిన ప్లినీ అనే రోమా అధికారి, తాను విచారించిన క్రైస్తవుల గురించి త్రాయాను చక్రవర్తికి ఉత్తరం రాశాడు. వాళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా ఎంచి పాడేవారనీ, దొంగతనం చేయబోమనీ, వ్యభిచరించబోమనీ, మాట తప్పబోమనీ, నమ్మి తమ దగ్గర దాచిన సొమ్ము అడిగినప్పుడు లేదనబోమనీ ప్రమాణం చేసేవారనీ అందులో ఉంది. పాట, ప్రమాణం రెండూ ఒకే కూటంలో జరిగేవి. ఆదివారం అప్పటికి సెలవు దినం కాదు. రోమా సామ్రాజ్యంలో అది చట్టప్రకారం విశ్రాంతిదినం కావడం 321లో. అంటే పనికి పోయే దారిలోనో పని ముగించుకుని వచ్చే దారిలోనో కూడుకున్నవాళ్లు వాళ్లు. నిద్రకళ్లతో వచ్చే మీరు వాళ్ల మధ్య కొత్తవారిలా కనిపించరు.

ఇక మన ఊరి సంగతి. 1947 సెప్టెంబరు 27న ఇక్కడ చెన్నైలోని సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. ఆ సంఘం 1950లో తయారుచేసుకున్న ప్రభువు భోజనపు క్రమంలో ఒక పాత అలవాటును తిరిగి తెచ్చింది. కానుకలు బల్ల దగ్గరికి తేకముందే సమాధానం ఇచ్చిపుచ్చుకోవడం అది. కేరళ సిరియన్ క్రైస్తవుల పద్ధతి నుంచి తీసుకున్నారు: ఒకరి అరచేతిని మరొకరు రెండు చేతుల మధ్య పట్టుకుంటారు, ఆ స్పర్శ బల్ల దగ్గర మొదలై చివరి వరుస దాకా చేతి నుంచి చేతికి సాగుతుంది. అర్పణ బలిపీఠం ముందే విడిచి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమన్న ప్రభువు మాటకు (మత్తయి 5:23, 24) ఇది రూపం. మీ పక్క వరుసలో పలమనేరు రైతు ఉంటే ఆ చేతిని మీరు ఎలా అందుకుంటారన్నదే మీ ప్రశ్న అని నాకు తోస్తున్నది.

ఏం చేయాలి? ఉద్యోగం వదిలేయమని సలహా ఇవ్వడం నాకు సులభమే, మీ ఇంటి అద్దె నేను కట్టను గదా. బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను, అంటే పన్ను వసూలు చేసేవారిని, ఆ పని మానమనలేదు. "మీకు నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దు" అన్నాడు (లూకా 3:13). మొదట అసలు తూకాన్ని బిల్లులో రాయండి. కుళ్లినవి ఉండి నిజంగానే తీయవలసి వస్తే ఆ తరుగును వేరే గడిలో, రైతు కంటికి కనిపించేటట్టు రాయండి. అలా రాస్తానని యజమానికి ముందే, మర్యాదగా చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే ఆ రోజే పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, "నా పనే నా ఆరాధన అన్నారు గదా, ఈ పని పోతే ఇంకొకటి వెతకడంలో నాకు తోడు రండి" అని అడగండి. మీ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకున్న పెద్దగారు ఈ విషయాన్ని కూడా పట్టించుకోవాలి.

ఒక మాట. ఏమి చేసినా ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయమన్న కొలొస్సయుల 3:23ను చాలా కార్యాలయాల్లో గోడకు వేలాడదీస్తారు. అది దాసులకు చెప్పిన మాట. ఆ వెంటనే 4:1లో, పరలోకంలో మీకూ ఒక యజమాని ఉన్నాడని యజమానులకు చెప్పిన మాటను మాత్రం ఏ గోడ మీదా నేను చూడలేదు.

ప్రశ్న: పక్షవాతంతో మంచాన పడిన మా అత్తగారిని చూసుకుంటూ ఎనిమిది నెలలుగా చర్చికి వెళ్లలేకపోతున్నాను. ఫోన్లో ఆరాధన చూస్తున్నాను. ఇది సరిపోతుందా?
— గృహిణి, పెరంబూరు

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న మీ సంఘం తనను తాను వేసుకోవలసింది. సుమారు 155లో రోములో ఉన్న జస్టిన్ అనే విశ్వాసి, క్రైస్తవుల ఆదివారపు ఆరాధన ఎలా జరుగుతుందో చక్రవర్తికి వివరించాడు. రొట్టె, ద్రాక్షారసం కూడుకున్నవారందరూ పుచ్చుకున్నాక, రాలేకపోయినవారికి పరిచారకులు వాటిని తీసుకువెళ్లేవారనీ, పోగైన కానుకలు అనాథలకూ విధవరాండ్రకూ రోగులకూ ఖైదీలకూ పరదేశులకూ ఖర్చయ్యేవనీ రాశాడు. ఆ సంఘంలో గడప దాటలేనివారు కూడా లెక్కలో ఉండేవారు.

ఫోన్లో చూడడం తప్పేమీ కాదు, వాక్యం వినిపిస్తుంది. కానీ రొట్టెను ఫోను అందించలేదు, ఒకరి చెయ్యి పట్టుకోవడమూ దానివల్ల కాదు. అందుకని మీ పాస్టరుగారికి ఫోన్ చేసి, నెలకొకసారి ఇద్దరు ముగ్గురు విశ్వాసులతో ఇంటికి వచ్చి మీకూ మీ అత్తగారికీ ప్రభువు భోజనం ఇవ్వమని అడగండి. మొహమాటపడకండి, ఇది వారి బాధ్యత. ఆమెకు పక్క మార్చి, ఒళ్లు తుడిచి, అన్నం కలిపి పెట్టే మీ పనిని పైన సోదరునికి చెప్పిన యాగంలో మీరు నిశ్చింతగా కలుపుకోవచ్చు. వారు వచ్చే రోజుకు మీ అత్తగారికి చిన్నప్పటి నుంచి తెలిసిన కీర్తన ఒకటి ఎంచి పెట్టండి. మాట స్పష్టంగా రాకపోయినా పాత పల్లవిని ఆమె అందుకోవచ్చు.