కలను పగలే మార్చుకోవాలి

అబ్బయా,

2021 నవంబరులో పెన్న పొంగి పోయి ఇన్నేళ్లయినా తెల్లారుజామున అదే కలతో లేస్తా ఉండావని మీ అమ్మ చెప్పింది. వరద ఎప్పుడో తీసింది, మనసుకు మాత్రం ఆ కల అలవాటు పడిపోయింది. అలవాటు గనకే మార్చొచ్చు.

మెలకువలో కలను మార్చి రాసుకుని, ఆ కొత్త కలనే మనసులో సాధన చేయడాన్ని ఇమేజరీ రిహార్సల్ థెరపీ అంటారు. లైంగిక దాడికి గురైన ఆడవాళ్లలో ఇది పీడకలలను తగ్గించిందని అమెరికా నిద్ర వైద్యుడు బారీ క్రాకోవ్ బృందం 2001లో చూపించింది.

పట్టపగలు, అన్నం తిన్నాక కాకుండా తెలివిగా ఉన్న వేళ నోటుబుక్కు తీసుకో. వరద కల ఇప్పుడే వద్దు. దానికన్నా చిన్న కల ఒకటి తీసుకుని నాలుగు ముక్కల్లో రాయి. తర్వాత దాన్ని నీకిష్టమొచ్చినట్టు మార్చు. అది కుదిరాక వరద దగ్గరికి రా. గడప దాటిన నీళ్లు చీలమండ దగ్గరే ఆగి మొలగొలుకుల వరి మడి అయిపోయినా సరే, కాళ్ల కింద బురద చల్లగా తగలాలి, నారు వాసన రావాలి. న్యాయంగా ఉందా లేదా అని చూడబాకు, కలకు న్యాయమేంది?

కళ్లు మూసుకుని రోజూ 10 నుంచి 20 నిమిషాలు ఆ కొత్త కలనే నడిపించు. చాలామంది తప్పేది ఇక్కడే: పాత కలను మళ్లీ మళ్లీ తవ్వుతారు, అదే ఇంకా గట్టిపడుద్ది. గుండె దడదడలాడితే కళ్లు తెరిచి, పాదాలు నేలకానించి, ఊపిరి నిదానంగా వదులు.

కల వస్తుందని నిద్ర మానుకోబాకు. తాగుడు అసలొద్దు, ముందు మత్తు నిద్ర పట్టినా తెల్లారేలోగా కలలు రెట్టింపు విసురుతో వస్తాయి. కొన్ని బీపీ మాత్రలూ పీడకలలు తెస్తాయి, డాక్టరును అడుగు, నీ అంతట నువ్వు ఆపబాకు. ఏఎస్‌పేట దర్గా తాయెత్తు ఉంటే ఉండనీ, దానితో నాకు పేచీ లేదు.

నిద్రపోయిన గంటా రెండు గంటల్లోనే అరిచి, పొద్దున్నే ఏమీ గుర్తులేకపోతే అది వేరే సంగతి, దానికి ఈ పద్ధతి పనిచేయదు. గురక మధ్యలో ఊపిరాగినా ముందు దాన్నే చూపించుకోవాలి. పగలు కూడా వరద కళ్లముందు ఆడుతుంటే ఒక్కడివే చేయబాకు, సైకాలజిస్టు పక్కనుండాలి. బతకాలనిపించకపోతే ఆ క్షణమే 14416కి ఫోన్ చెయ్, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం లైను, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడతారు.

రెండు మూడు వారాల దాకా తీర్పు చెప్పబాకు. కల ఒక్కసారిగా పోదు. ముందు నీళ్లు వస్తాయి గానీ కేక రాదు. ఎన్ని రాత్రులు వచ్చిందో, ఎంత భయపడ్డావో 10కి ఎన్ని మార్కులో నోటుబుక్కులో వేసుకో. ఓపీకి పోయేటప్పుడు అది చేతిలో ఉండాలి.

మీ పెద్దమ్మ