కుక్కలు గొర్రెలను కరిస్తే... పంచనామా కోసం వైద్యం ఆపాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలోని ఒక పల్లె. నలభై గొర్రెల మందే మా కుటుంబానికి ఆధారం. మొన్న తెల్లవారుజామున పక్క మామిడి తోటలో కాపలాకు పెంచుతున్న రెండు కుక్కలు తడిక దాటి దొడ్లోకి దూరాయి. ఐదు గొర్రెలు చనిపోయాయి. ఎనిమిది గాయపడ్డాయి, వాటిలో మూడు చూడివి. పోలీసులు వచ్చి చూసేదాకా వైద్యం చేయించవద్దని, చేయిస్తే సాక్ష్యం పోతుందని ఊళ్లో అంటున్నారు. తోట యజమాని పదివేలు ఇస్తాను, కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. గాయపడ్డవాటిని మాంసం వ్యాపారికి అమ్మేయమని కొందరు, ఆ కుక్కలకు విషం పెట్టమని కొందరు చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు వైద్యం. ఆ ఎనిమిదింటిలో ఒక్కదానికైనా ఇంకా చికిత్స మొదలుకాకపోతే, మిగతాది తర్వాత చదవండి, ఇప్పుడే 1962కు ఫోను చేయండి. సంచార పశువైద్య వాహనాలకు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే నంబరు. వాహనం ఆలస్యమైతే ఆటోలోనైనా దగ్గరి పశువైద్యశాలకు తీసుకువెళ్లండి.

పోలీసులు వచ్చేదాకా గాయపడిన జీవాన్ని అలాగే వదిలేయాలని ఏ చట్టమూ చెప్పదు. పైగా జీవాలకు అనవసరమైన బాధ కలగకుండా చూడటం వాటిని సాకేవారి విధి అని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 3వ సెక్షన్ అంటుంది. పరిహారం అడిగే మనిషి, నష్టం పెరగకుండా తన వంతు జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నది కోర్టు కూడా చూస్తుంది. బతకవలసిన గొర్రె వైద్యం అందక చనిపోతే, అది మీ నిర్లక్ష్యమేనని అవతలి న్యాయవాది తప్పకుండా వాదిస్తాడు.

వైద్యం చేయిస్తే సాక్ష్యం పోదు, నిలబడుతుంది. గొర్రె గాయం ఉన్ని కింద దాగి ఉంటుంది. పైకి రెండు మూడు పంటి గాట్లే కనిపిస్తాయి. ఉన్ని కత్తిరించి చూస్తే తొడ మీద చర్మం కండ నుంచి విడిపోయి ఉంటుంది. పట్టించుకోకపోతే చీము పట్టి, పురుగులు పడి, మేస్తూ తిరిగిన గొర్రే నాలుగు రోజుల తర్వాత కూలిపోతుంది. డాక్టరు ఉన్ని కత్తిరించాక ప్రతి గాయానికీ, చెవి ట్యాగు కూడా పడేటట్లు, ఫొటో తీయించండి. చూడి గొర్రెల సంగతి విడిగా రాయించండి. ఈ బెదురుకు అవి ఈచుకుపోతే ఆ నష్టం కూడా అడగవచ్చు.

డాక్టరు వచ్చేలోగా రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మిగతా గాయాలను సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, కిరోసిన్ పూయవద్దు. చేతికి తొడుగు లేకపోతే ప్లాస్టిక్ సంచి అయినా చుట్టుకోండి. ఆ పనిలో మీ చేతి మీది గీతలకు కుక్క చొంగ తగిలిందని అనుమానం ఉంటే మీరూ ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. కుక్క కాటు పడిన జీవాలకు రేబిస్ టీకా సాధారణంగా తొలి రోజు, ఆపై 3, 7, 14, 28వ రోజుల్లో వేస్తారు. ఆ తేదీలు చీటీ మీద రాయించుకోండి.

ధ్రువపత్రం ఎవరు రాశారన్నది ముఖ్యం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన పశువైద్యులు మాత్రమే పశువుల ఆరోగ్య ధ్రువపత్రంపై సంతకం చేయగలరు, కోర్టులో నిపుణులుగా సాక్ష్యం చెప్పగలరు. పల్లెలో పశువులకు ప్రాథమిక సేవలు చేసే గోపాలమిత్ర ఆపదలో ఆదుకుంటాడు, కానీ అతని చీటీ కేసుకు చాలదు. చనిపోయిన ఐదింటికీ పశువైద్యాధికారితో పోస్టుమార్టం చేయించాకే పూడ్చండి. బీమా ఉంటే కంపెనీకి వెంటనే కబురు చేసి, చెవి ట్యాగులను భద్రపరచండి.

ఇక తోట యజమాని బాధ్యత. పోలీసులు తరచూ చెప్పే సెక్షన్, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 291, పెంపుడు జంతువు వల్ల మనుషుల ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పు ఉన్నా జాగ్రత్త పడని వారికి వర్తిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కుక్కలు మీ మీదికీ వచ్చి ఉంటే ఆ మాట ఫిర్యాదులో తప్పక రాయండి. పశువులను చంపడం, గాయపరచడం గురించిన అదే సంహితలోని 325వ సెక్షన్‌కు మాత్రం ఉద్దేశం గానీ, నష్టం కలుగుతుందన్న ఎరుక గానీ రుజువు కావాలి. కావాలని ఉసిగొల్పితే తప్ప అది నిలవడం కష్టం. కాబట్టి మీ అసలు దారి సివిల్ దావా. ఆ కుక్కలు ఇంతకుముందూ మందల మీద పడ్డాయని, ఆ సంగతి యజమానికి తెలుసని ఇద్దరు సాక్షులు చెబితే మీ వాదం గట్టిపడుతుంది. గొర్రెల ధర, మందుల ఖర్చు, పోయిన గర్భాలు, అన్నీ అడగవచ్చు.

పదివేల కాగితం మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. రేబిస్ లక్షణాలు వారాలకు, ఒక్కోసారి నెలలకు గానీ బయటపడవు. ఏ గొర్రె నిలుస్తుందో తేలకముందే ‘ఇక ఏ బాకీ లేదు’ అని రాసివ్వడం మీ పిల్లల నోటి ముందు కూడు లాక్కోవడమే. అతను డబ్బు ఇస్తే ‘వైద్య ఖర్చుల కింద కొంత మొత్తం అందింది’ అని మాత్రం రసీదు ఇవ్వండి.

విషం మాట మరచిపోండి. దాడి జరుగుతున్న క్షణంలో మందను కాపాడుకోవడానికి కర్ర ఎత్తడం వేరు, మర్నాడు అన్నంలో విషం కలిపి పెట్టడం వేరు. రెండోది నేరం, అప్పుడు 325వ సెక్షన్ మీ మీదికే వస్తుంది. పైగా ఆ కుక్కలు బతికి ఉండటం మీకే అవసరం. పది రోజులు కట్టేసి గమనిస్తే, అవి ఆరోగ్యంగా ఉంటే, కరిచే నాటికి వాటి చొంగలో రేబిస్ లేదని తేలుతుంది. అలా కట్టేయించమని పశువైద్యాధికారికి, పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా అడగండి. రేబిస్ అనుమానం కనిపిస్తే పంచాయతీకి తెలియజేయడం 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం తప్పనిసరి.

గాయపడ్డవాటిని అమ్మడం కూడా వద్దు. పశువైద్యుని ధ్రువీకరణ లేని జీవాన్ని వధశాలలో కోయరాదని 2001 నాటి నిబంధనలున్నాయి. కుక్క కరిచిన సంగతి దాచి అమ్మితే మోసం కేసు పడవచ్చు. అంతకంటే, దాన్ని కోసే మనిషి ప్రాణం గురించి ఆలోచించండి.

అవి తన కుక్కలు కావని, వీధికుక్కలని యజమాని మాట మారిస్తే, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స, టీకాలు వేయించవలసింది స్థానిక సంస్థే. పంచాయతీ మీద దావాకు గడువులు తక్కువ, ముందుగా నోటీసు ఇవ్వాలి. కాబట్టి ఈ నెలలోనే న్యాయవాదిని కలవండి.

ఖర్చుకు భయపడవద్దు. ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి, మహిళలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోను నంబరు 15100. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. అక్కడ రాజీ కుదిరితే ఇచ్చే తీర్పు (అవార్డు) కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. 28వ రోజు టీకా పూర్తయ్యాక, మందుల బిల్లులన్నీ చేతిలో పెట్టుకుని అక్కడ మీ మొత్తం చెప్పండి.